లోపలి గదికి సిగ్నల్

ఆయన మంచం మీదే పోయాడట. హిందూపురంలో మా కొట్టుకు చార్జర్ కోసం వచ్చిన పెనుకొండ మనిషి ఆ కబురు చెప్పి, "నిద్రలోనే పోయినాడంటప్పా. ఆ వంశంలో మంచం మీద పోయిన మగోడు ఈయనొక్కడే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన నాయన సంతలో పోయాడు. చిన్నాయన బస్సులో పోయాడు. అన్న పెళ్ళిపందిట్లో బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటూ పోయాడు. వాళ్ళలో ఏ ఒక్కరికీ జబ్బన్నది లేదు. "కూతురు వచ్చిందా?" అని అడిగాను. "ఆ యమ్మ యాడొస్తాది? కబురు పంపినారంట, రాలేదంట" అని చార్జర్ జేబులో వేసుకుని అతను వెళ్ళిపోయాడు.

ఆయన కోసం ఏడ్చే రకం కాదు నేను. నా బతుకులో నా చెంప మీద కొట్టినవాళ్ళు ఇద్దరే, మా నాయనా, ఆయనా. నాయన కొట్టాడంటే కన్నందుకు కొట్టాడు. ఈయనకేం హక్కుందని? అయినా ఆ రోజు సాయంత్రం దాకా ఏ పని మీదా మనసు నిలవలేదు. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఇప్పటికీ గుర్రుమనే మనుషులు రెండు ఊళ్ళలో ఉన్నారు. చాటున మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, ఎదురుపడితే అన్నా అనేవాళ్ళం.

తొంభైలలో, నేను పెనుకొండలో చదువుకునే రోజుల్లో, ఆయన్ని మొదటిసారి బస్టాండులో చూశాను. కుడిచేత్తో ఒక మనిషి జుట్టు పట్టుకుని, ఆగి ఉన్న బస్సు రేకుకేసి కొడుతున్నాడు. ఎడమచేతిలో టీ గ్లాసు ఉంది. ఆ చేతికి బొటనవేలు, చూపుడువేలు తప్ప తక్కినవి లేవు. ఎప్పుడో నాటుబాంబు చుడుతుంటే పేలి ఊడిపోయాయని పక్కనున్నవాళ్ళు గొణుక్కున్నారు. ఆ రెండు వేళ్ళ మధ్య గ్లాసు కదల్లేదు, టీ తొణకలేదు. ఆ మనిషి ముక్కు పగిలి రక్తం రేకు మీద కారుతోంది. బస్సులోని జనం కిటికీలకు దూరంగా జరిగి కూర్చున్నారు. డ్రైవరైతే హారన్ కూడా కొట్టలేదు. కొట్టడం అయ్యాక ఆయన మిగిలిన టీ తాగి, గ్లాసు తెచ్చి కొట్టు బల్ల మీద మెల్లగా పెట్టి, "వానికి నీళ్ళియ్యప్పా" అని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు.

అదీ ఆయన పద్ధతి. కొట్టినవాడికి నీళ్ళిప్పించేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, అప్పిచ్చినవాడైనా, చావగొట్టాల్సినవాడైనా, "నీళ్ళు తాగినావా?" అని అడిగాకే మాట మొదలుపెట్టేవాడు. ఎక్కడికి పోయినా కుర్చీ గోడకు ఆనించుకుని కూర్చునేవాడు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చోగా ఆయన్ని చూసినవాడు లేడు. అన్నం ముందు కూర్చుంటే మొదటి ముద్ద ఓబులేసు తినాలి. ఓబులేసంటే చిన్నప్పటినుంచీ ఆయన వెంట ఉన్న మనిషి. జీపు తోలేవాడూ వాడే, కావలి కాసేవాడూ వాడే, ఎవరి మీద కోపం వచ్చినా ముందు దెబ్బలు తినేవాడూ వాడే. ఆ ముద్ద తిని వాడు కాసేపు అలా కూర్చునేవాడు. ఏమీ కాలేదని తేలాక పెద్దాయన చెయ్యి కడుక్కునేవాడు. ఒకసారి వాణ్ణి అడిగాను, ఏమప్పా భయం లేదా అని. "భయమెందుకప్పా, కడుపు నిండుతాంది కదా" అన్నాడు.

నేను ఆ ఇంటి గడప తొక్కింది రెండువేల దశాబ్దం చివర్లో. అప్పటికి హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్టు వచ్చి, దాన్ని గాల్లోకి వదిలే చిన్న పెట్టెలు అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్నాయి. ఒక మధ్యాహ్నం కొట్టు ముందు జీపు ఆగింది. ఓబులేసు దిగి, "సాయిబూ, అన్న రమ్మంటాండాడు" అన్నాడు. ఎందుకని అడగలేదు. నా సంచి తీసుకుని ఎక్కాను. వెనక నా భార్య తలుపు పట్టుకుని నిలబడి, జీపు సందు తిరిగేదాకా చూసింది.

పెనుకొండ కొండ కింద వాళ్ళ ఊరు. ఇల్లు చూస్తే సబ్‌జైలు గుర్తొస్తుంది. వీధి వైపు ఒక్క కిటికీ లేదు. మూరెడుకు పైగా మందమున్న రాతిగోడలు, చెక్క తలుపుల లోపల మళ్ళీ ఇనపరేకు తలుపులు, మిద్దె స్లాబులో రెట్టింపు ఇనుము. బాంబు లోపలికి రాకూడదని కట్టిన ఇల్లది. బాంబు దూరని చోటికి సిగ్నల్ ఎట్లా దూరుతుందని నా ఏడుపు. అయితే ఆ మాట అక్కడ ఎవరికి చెప్పాలి?

"నీళ్ళు తాగినావా?" అన్నాడు పెద్దాయన. తాగానన్నాను. "నా బిడ్డ మొగం కంప్యూటర్లో గీతలు గీతలుగా కనపడతాంది. మాట తునకలైపోతాంది. బాగుచెయ్."

పెట్టె ఎక్కడుందని అడిగితే మిద్దె మీదికి తీసుకుపోయారు. టెలిఫోను తీగ అక్కడికే వస్తుందట. మెట్ల మీద ఒక చిన్న గది, అందులో ఒక ఇనప బీరువా. ఓబులేసు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. లోపల రెండు వేటకొడవళ్ళు, గోనెసంచిలో చుట్టిన ఏవో ఉండలు, వాటి మధ్య పచ్చలైట్లు మినుకుమినుకుమంటూ ఆ ఇంటర్నెట్టు పెట్టె. విలువైన వస్తువు ఏదొచ్చినా బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ ఇంటి అలవాటు. ఇదీ విలువైనదే కదా అని వేశారు. నేను ఆపుకోలేక నవ్వాను.

చెంప పగిలింది. కాసేపు నాకు ఆ చెవిలో హోరు తప్ప ఏమీ వినబడలేదు. నా మనుషుల ముందు నవ్వుతావా అన్నట్టు ఆయన నిలబడి చూస్తున్నాడు. ఎవరో నీళ్ళచెంబు తెచ్చి చేతిలో పెట్టారు, తాగాను.

"ఇప్పుడు చెప్పు. ఎందుకు నగినావు?"

"ఇనుములో పెడితే సిగ్నల్ బయటికి రాదన్నా. నోటికి గుడ్డ కట్టి మాట్లాడమన్నట్లే."

ఆయన ఓబులేసు వైపు తిరిగాడు. "బీరువాలో పెట్టమనింది యెవురురా?"

"నువ్వేనన్నా."

వాడికీ ఒకటి పడింది. వాడు చెంప తడుముకుంటూ నా వైపు చూసి కన్ను గీటాడు. అప్పటినుంచి మేమిద్దరం స్నేహితులం.

పెట్టె తీసి గోడకు ఎత్తున తగిలించాను. మిద్దె మీదంతా సిగ్నల్ నిండుగా వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన సాయంత్రమయ్యేసరికి మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత ఒకటి రెండు పనుల మీద పోయినప్పుడు ఆయన కూతురితో మాట్లాడటం విన్నాను. ఆ గొంతు ఆయనదంటే నమ్మబుద్ధి కాదు. "తిన్న్యావా మ్మా? ఏం కూర? వంకాయా? నువ్వు తినవు కదా, ఏం తిన్న్యావు మరి?" ఎడమచెయ్యి మాత్రం టవలు కింద పెట్టుకునేవాడు, కెమెరాకు కనపడనిచ్చేవాడు కాదు.

తల్లి చిన్నప్పుడే జబ్బుచేసి పోతే, ఆ అమ్మాయిని హిందూపురంలో హాస్టల్లో పెట్టి చదివించాడు. అక్కడినుంచి బెంగుళూరు కాలేజీకి పంపాడు. చదువు కోసమని ఊళ్ళో చెప్పుకునేవాడు గానీ అసలు సంగతి బతికుంటుందని. పెళ్ళిపందిట్లో ఆయన అన్నను నరికినప్పుడు ఆ పిల్ల పక్క బంతిలోనే కూర్చుని ఉందట. పెద్దదయ్యాక తండ్రికి ఒకే మాట చెప్పింది. నువ్వు మనిషిని చంపించడం మానుకుంటే చదువు అయినాంక ఇంటికొచ్చి నీ దగ్గరే ఉంటాను, ఒక్క ప్రాణం పోయినా నాకు నువ్వు లేవు, నీకు నేను లేను అని. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. వేశాక నిలబెట్టుకున్నాడు కూడా. కొట్టడం మానలేదు, అది ఆయనకు దగ్గు లాంటిది. కత్తి మాత్రం ఎత్తనివ్వలేదు. "అన్న చల్లబడినాడని అవతలోళ్ళు మీసం తిప్పుతాండారప్పా" అని ఓబులేసు నా దగ్గర వాపోయేవాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక మళ్ళీ జీపు వచ్చింది. ఈసారి పెద్దాయన నన్ను ఇంటి నడిమధ్యనున్న గదిలోకి తీసుకుపోయాడు. ఆ ఇంట్లో అన్నిటికంటే భద్రమైన గది అది, నాలుగు వైపులా వేరే గదులే. కొత్తగా సున్నం కొట్టించి, ఒక గోడకు పసుప్పచ్చ రంగు వేయించి, బల్లా కుర్చీ తెప్పించి పెట్టాడు.

"పాప వచ్చే నెల్లో వస్తాంది సాయిబూ. పరీక్షలు అయిపోతానే. నెట్టు బాగుంటే ఈడ కూకోనే బెంగుళూరు పని చేసుకుంటాదంట, యాడికీ పోదంట. ఈ గదికి సిగ్నల్ రావాల."

తంటాలు పడ్డాను. పెట్టెను మెట్ల మీదికి దించి చూశాను, యాంటెన్నాలు అటూ ఇటూ తిప్పి చూశాను. ఇనప తలుపులన్నీ తెరిస్తే గదిలో కొంచెం వస్తుంది, మూస్తే సున్నా. తలుపులు తెరిచి పెట్టుకోండన్నా అన్నాను. అక్కడున్నవాళ్ళంతా, తల తెచ్చి రోట్లో పెట్టమన్నట్టు నా వైపు చూశారు. పోనీ వెనకగోడకు చిన్న బెజ్జం పెడితే మిద్దె మీదినుంచి వైరు దించి ఇక్కడ ఇంకో పెట్టె పెడతానన్నాను.

"ఈ గోడకు మా నాయన బెజ్జం పెట్టనియ్యలా, నేనూ పెట్టనియ్యను. సూది దూరే సందుంటే సావు దూరతాది" అన్నాడు.

అప్పుడు కనబడింది నాకు, పెరటి తలుపు పైన ఉన్న చూపుబెజ్జం. పెరట్లోకి ఎవరొస్తున్నారో లోపలినుంచి చూడటానికి, ఇల్లు కట్టిననాడే రాళ్ళ మధ్య వదిలిన కన్నం. ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క కన్ను అది. దాంట్లోంచి వైరు తీస్తానన్నాను. ఓబులేసుకు నచ్చలేదు. "అన్నా, అది మనిషి కండ్లు పెట్టే బెజ్జం. దాంట్లో వైరు దూరిస్తే పెరట్లోకి యెట్ల చూసేది?"

"మిద్దె మీద కూకోని చూడు. నేనింక కిందనే ఉంటా కదా, ఆ కుర్చీ ఖాళీనే" అన్నాడు పెద్దాయన. నా వైపు తిరిగి, "వైరు పోను మిగిలింది సిమెంటుతో మూసెయ్" అన్నాడు.

మూశాను. వైరును గడపల సందుల్లోంచి లాగి లోపలి గదిలో బల్ల పైన రెండో పెట్టె తగిలించాను. తలుపులన్నీ వేసి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది. గర్వంగా కూడా అనిపించింది, ఎందుకు దాచాలి.

సాయంత్రం నన్ను పోనివ్వలేదు. పాపతో మాట్లాడి సరిగా ఉందో లేదో తేలాకే కదలమన్నాడు. ఓబులేసు కావలికి మిద్దె మీదికి పోయి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి తెర మీద కనిపించింది, గీత లేకుండా, మెడలో సన్నటి గొలుసు కూడా కనపడేంత బాగా. పెద్దాయన ల్యాప్‌టాప్ రెండు చేతులా ఎత్తుకుని గదంతా తిప్పి చూపించాడు. "ఇదో మ్మా నీ గది. ఇదో బల్ల."

"ఆ పచ్చరంగు ఎవురేసినారు నాయనా?" అని ఆమె నవ్వింది. "నువ్వు పక్కన కూకోని మాట్లాడతాండినట్లుండాది. ఇంత బాగా యెన్నడూ రాలా."

"మా సాయిబు పెట్టినాడు" అన్నాడాయన, నన్ను తానే కన్నంత సంబరంగా. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంటున్నాడు.

మిద్దె అదిరింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. కొత్త సున్నం పెళ్ళలుగా మా నెత్తిన రాలింది. పైన ఎవరో అరిచారు, ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయింది. అవతలివాళ్ళు పెరటి వైపు గోడ దూకి వచ్చి, కుర్చీలో కూర్చున్నది పెద్దాయనే అనుకుని బాంబులు విసిరారు. తలుపులు దడదడ తెరుచుకుని నలుగురు ఓబులేసును దుప్పట్లో మోసుకొచ్చి ఆ గదిలోనే నేల మీద పెట్టారు. ముఖం ఒక పక్క లేదు. ఒక కాలు ఇంకా కొట్టుకుంటోంది, చూస్తుండగానే అదీ ఆగింది. 

"నాయనా? ఏంది నాయనా ఆ సప్పుడు?" అని బల్ల మీదినుంచి అమ్మాయి గొంతు వినబడుతోంది. ఆయన అటు చూడలేదు. ఓబులేసు పక్కన గొంతుక్కూర్చుని, వాడి చొక్కా గుండీ ఒకటి ఊడితే అది పెట్టాడు. తర్వాత లేచాడు.

"వాడు యాడుండాడు?" అన్నాడు. వాడంటే అవతలి పక్షం పెద్ద.

"ఊరు ఇడిసి పోయినాడంటన్నా, పొద్దుననే."

"వాని బామ్మర్ది ధర్మవరంలో మగ్గం నేస్తాడు కదా. వాన్ని ఏసెయ్యండి."

ఒకడు నసిగాడు. "ఆ మనిషికి ఈ గొడవలతో ఏం సంబంధం లేదన్నా. చీరలు నేసుకుని బతికేటోడు."

"ఓబులేసుకు ఏం సంబంధం ఉండాది? తెల్లారేతలికి వాని అక్క ఏడ్చాల. వాడు వినాల. పోండి."

"నాయనా." ఈసారి ఆ గొంతు గది మొత్తానికి వినబడింది. పోబోతున్నవాళ్ళు కూడా ఆగారు. తెర మీద ఆమె ముఖం కెమెరాకు బాగా దగ్గరగా వచ్చింది. "నాయనా, వాళ్ళను ఆపు. నాకు ఒట్టేసినావు. నేను వింటాండా నాయనా, అంతా వింటాండా. ఆపు వాళ్ళను."

ఆయన తిరిగి చూశాడు. కిందున్న ఓబులేసును చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. ఆపుతాడని నాకు ఖాయంగా అనిపించింది. పెదవులు కదిలాయి కూడా. వంగి తెర దగ్గర నోరు పెట్టి, కొంచెం గట్టిగా, దూరాన ఉన్నవాళ్ళను పిలిచినట్టు అన్నాడు.

"అలో... అలో... వినపడ్డంలేదు మ్మా. సిగ్నల్ లేదు. అలో..."

అని మూత మూసేశాడు. బయట జీపు కదిలిన చప్పుడైంది. పెట్టె మీద లైట్లు నాలుగూ పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. ఆయనా చూశాడు వాటిని.

ధర్మవరంలో ఆ మనిషి లైటు వేసుకుని నేస్తున్నాడట. గుంతమగ్గం కదా, కాళ్ళు గుంతలో ఉంటాయి, చప్పున లేవడానికి రాదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నరికారు. పక్కన పట్టుదారం కండెలకు చుడుతున్న భార్య అడ్డం వస్తే ఆమె చెయ్యి కూడా తెగింది. సగం నేసిన పట్టుచీర మగ్గం మీదినుంచి కోసి తీసేదాకా వీధిలో ఎవరూ ఆ ఇంటి వైపు చూడలేకపోయారని తర్వాత అక్కడివాళ్ళే నాకు చెప్పారు. వాళ్ళ ఇంటి పేరుగానీ ఊరి పేరుగానీ ఏ గొడవలోనూ ఎప్పుడూ వినపడలేదు. చెల్లెలి మొగుడి వైపువాళ్ళనీ అక్క మొగుడి వైపువాళ్ళనీ లెక్కపెట్టుకుంటూ పోతే మా సీమలో మిగిలేదెవరు? థూ, ఏం పౌరుషాలివి.

తెల్లారి పెద్దాయన తానే పోలీసుల దగ్గరికి పోయాడు. "నేనే చేపిచ్చినా. పిల్లోళ్ళను కొట్టొద్దండి" అన్నాడట. పోలీసుల దగ్గర ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు, అది నామోషీ అనుకునేవాడు. కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు. ఆనక కోర్టులో సాక్షులు నిలవక కేసు కొట్టేశారు. ఓబులేసు పోయాక అన్నంలో మొదటి ముద్ద ఎవరినీ తిననివ్వలేదని, తానే తినేవాడని జైలుకు పోయి చూసొచ్చినవాళ్ళు అన్నారు.

అమ్మాయి పరీక్షలు రాసింది, పాసైంది. ఇంటికి రాలేదు. ఫోను నంబరు మార్చేసింది. ఆమె కొత్త నంబరు నా దగ్గర ఉండటానికి కారణం, ఆమె స్నేహితురాలు ఒకతె తన కంప్యూటరు మా కొట్లో బాగుచేయించుకుని ఆ నంబరు ఇచ్చిపోవడమే. ఆ సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో మరి. బెయిలు మీద బయటికి వచ్చిన వారంలోపే ఒక మిట్టమధ్యాహ్నం మా కొట్లోకి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. నా కుర్చీ తీసుకుని, మొదటిసారిగా, వీపు వీధి వైపు పెట్టి కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి బాగా చిక్కిపోయాడు, చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది.

"సాయిబూ, పాపకు ఫోన్ చెయ్. నువ్వు పెట్టినోడివి, నువ్వు చెప్తే నమ్ముతాది. ఆ పొద్దు బాంబు పడి వైరు కదిలిందని చెప్పు. ఆ యమ్మ మాట ఈడికి రాలేదని చెప్పు. మీ నాయనకు వినపడలేదు, వినపడింటే ఆపుతాండె అని చెప్పు."

నేను బల్ల మీద స్క్రూడ్రైవర్లు సర్దుతున్నాను. "చెప్పప్పా" అన్నాడు. ఆయన బతిమాలగా నేను విన్నది ఆ ఒక్కసారే.  ఫోను తీసి, ఆయనకూ వినబడేట్టు స్పీకరు పెట్టి చేశాను.

ఆమె ఎత్తింది. నేనెవరో చెప్పాను. ఆయన చెప్పమన్నదంతా చెప్పాను, వైరు కదిలిందన్నాను, సిగ్నల్ పోయిందన్నాను. నా మాటలు నాకే చప్పగా వినబడుతున్నాయి. ఆమె మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నది.

"నాయన పక్కనే ఉండాడా అన్నా?" అన్నది.

నేను ఆయన వైపు చూశాను.

"సిగ్నల్ యాడికీ పోలేదన్నా. నువ్వు బాగా పెట్టినావు. జీపు తీసింది గూడా వినపడింది నాకు. 'వినపడ్డంలేదు మ్మా' అన్న మాట అన్నిటికంటే బాగా వినపడింది."

ఫోను పెట్టేసింది.  వీధిలో ఆటోలు పోతున్నాయి, ఎవరో గిరాకీ వచ్చి గడపలో నిలబడి ఆయన్ని గుర్తుపట్టి వెనక్కి మళ్ళాడు. పెద్దాయన ఆ ఫోను తీసి బల్ల మీద మెల్లగా బోర్లించాడు. చివరికి తలెత్తి, కోపం ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగే మనిషి లాగా అడిగాడు.

"అంత బాగా ఎందుకు పెట్టినావు సాయిబూ?"